మౌంట్ అండ్ బ్లేడ్ వార్‌బ్యాండ్: దండు కూర్చడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టడం ఇంకో ఎత్తు

టర్కీ రాజధాని అంకారాలోని టేల్‌వరల్డ్స్ సంస్థ తయారుచేసిన కంప్యూటర్ ఆట వార్‌బ్యాండ్ 2010 మార్చిలో విడుదలైంది. ఇన్నేళ్ళ తర్వాత దీన్ని కొనొచ్చా అని అడిగేవాళ్ళు ఇంకా ఉన్నారు. మనుషుల్ని పోగుచేసి, తిండిపెట్టి, జీతాలిచ్చి, తగువులు తీర్చి, చివరికి వాళ్ళతో కోట ఎక్కడం మీకు ఇష్టమైతే తప్పకుండా కొనండి. బొమ్మలు పాతబడ్డాయి, ముఖాలు చెక్కబొమ్మల్లా ఉంటాయి. అయితే ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు లేని పాత ల్యాప్‌టాప్‌లో కూడా హాయిగా నడుస్తుంది. తెలుగులో లేదు కాబట్టి సంభాషణలన్నీ ఇంగ్లీషులోనే చదువుకోవాలి. సహచరుల, అంటే సొంత పేరూ కథా ఉన్న తోటి పాత్రల, మాటలు చదవకుండా దాటేస్తే ఆటలో సగం పోయినట్టే, కాబట్టి ఆ ఓపిక మాత్రం ఉండాలి.

ఆట జరిగేది కల్రాడియా అనే కల్పిత దేశంలో. స్వాడియా, వేగిర్లు, ఖెర్గిట్లు, నార్డులు, రోడోక్‌లు, సర్రానిద్‌లు అని ఆరు రాజ్యాలు ఎప్పుడూ కొట్టుకుంటూ ఉంటాయి. మీరు ఒంటరిగా గుర్రమెక్కి వస్తారు. పల్లెకు వెళ్ళి మనిషికి 10 దినారాలిచ్చి కుర్రాళ్ళను చేర్చుకుంటారు. అక్కడినుంచి అంతా లెక్కే.

ఆ లెక్కను ఆట ఎక్కడా విడమరిచి చెప్పదు, అందుకే ముందుగా అదే చూద్దాం. మీ వెంట ఎంతమంది ఉండొచ్చు అనేదానికి మూలం 30. లీడర్‌షిప్ స్కిల్ ఒక్కో మెట్టుకు 5, కరిజ్మా, అంటే మనుషుల్ని ఆకట్టుకునే గుణం, ఒక్కో పాయింటుకు 1, పేరు ప్రతిష్ఠలు ప్రతి 25కి 1 కలుస్తాయి. కరిజ్మా 15, లీడర్‌షిప్ 5, పేరు 500 ఉన్న నాయకుడి దండు 30, 25, 15, 20 కలిపి 90 మంది. ఏ స్కిల్ అయినా దాని మూల లక్షణంలో మూడోవంతుకు మించి పెరగదు. లీడర్‌షిప్ 5 కావాలంటే కరిజ్మా 15 ఉండి తీరాలి. కొత్తవాళ్ళు పాయింట్లన్నీ బలానికి, చురుకుదనానికి పోసి, తర్వాత 50 మంది దగ్గర ఆగిపోయి ఎందుకా అని తల పట్టుకునేది ఇక్కడే.

మనుషులు పెరిగేకొద్దీ మొరేల్, అంటే దండు మనోధైర్యం, తగ్గుతుంది. దీని లెక్క కూడా సూటిగానే ఉంటుంది. మూలం 50, లీడర్‌షిప్ మెట్టుకు 12 చొప్పున కలుస్తుంది, దండులో ఉన్న ప్రతి మనిషికి 1 తగ్గుతుంది, తినే తిండిని బట్టి కొంత, ఈమధ్య గెలుపోటములను బట్టి కొంత కలుస్తాయి. పైన చెప్పిన 90 మంది దండునే తీసుకుంటే 50, 60 కలిపి 110, అందులోంచి 90 పోతే మిగిలేది 20. ఈ 20తో దండు నిలవదు, రాత్రికి రాత్రే జారుకునేవాళ్ళు మొదలవుతారు. మిగతాది తిండితో పూడ్చాలి. తిండిలో మొరేల్ పెంచేది రకం. పది బస్తాల రొట్టె ఉన్నా ఒక రకం కిందే లెక్క. రొట్టె, ఎండబెట్టిన మాంసం, పొగబెట్టిన చేప, జున్ను, తేనె, వెన్న, సాసేజీలు ఒక్కొక్కటి కొన్నా ఏడు రకాల లాభం వస్తుంది. పచ్చి గొడ్డుమాంసం, పందిమాంసం, కోడిమాంసం కొన్ని రోజుల్లో కుళ్ళిపోతాయి, వాటిని నమ్ముకుని దూరప్రయాణం పెట్టుకోకండి. ఇంకో సంగతి: మీ దండులో స్వాడియా వాళ్ళు ఉండగా మీరు స్వాడియాతోనే యుద్ధానికి దిగితే ఆ మనుషుల మనసు విడిగా చెడుతుంది. మొత్తం మొరేల్ బాగా కనిపిస్తున్నా వాళ్ళు మాత్రం పారిపోతుంటారు.

జీతాలు వారానికోసారి. గుర్రపు సిపాయికి కాల్బలం కంటే ఎక్కువ, కిరాయి సిపాయికి ఇంకా ఎక్కువ. మీ కోటలో కాపలా పెట్టినవాళ్ళకు సగం జీతమే పడుతుంది. యుద్ధం లేని కాలంలో యాభైమంది నైట్లను, అంటే బరువైన కవచాల గుర్రపు సిపాయిలను, వెంటేసుకుని తిరగడం చేతిలో డబ్బు నీళ్ళలా పోయే పని. కోట చేతికి రాగానే ఖరీదైన మనుషుల్ని అందులో దింపి, తేలికైన దండుతో తిరగండి. లీడర్‌షిప్ ప్రతి మెట్టుకు జీతాల ఖర్చు కూడా 5 శాతం తగ్గుతుందని చాలామంది గమనించరు.

ఎవర్ని చేర్చుకోవాలి? బయలు నేలలో పోరాడాలంటే స్వాడియన్ నైట్లు. ఖర్చెక్కువ, తయారవడానికి సమయం పడుతుంది, కానీ చదునులో వాళ్ళ దాడిని ఆపగలవాళ్ళు అరుదు. కోటలు పట్టడానికి నార్డ్ హస్కార్ల్‌లను మించినవాళ్ళు లేరు. పెద్ద గుండ్రటి డాలు, విసిరే గొడ్డళ్ళు, దగ్గరి పోరులో గట్టి చెయ్యి. రోడోక్‌లకు గుర్రాలే ఉండవు, కానీ వాళ్ళ విల్లుబంట్లు, అంటే క్రాస్‌బో అనే అడ్డవిల్లు పట్టేవాళ్ళు, పెద్ద పలకల్లాంటి డాళ్ళు వీపున వేసుకుని వస్తారు. క్రాస్‌బో ఎక్కుపెట్టుకుంటున్నప్పుడు వెనకనుంచి వచ్చే బాణాలు ఆ డాలుకే తగులుతాయి. వేగిర్ మార్క్స్‌మన్‌లు విలువిద్యలో ముందువరసలో ఉంటారు. ఖెర్గిట్లు దాదాపు అందరూ గుర్రాల మీదే, వేగంగా తిరగడానికి బాగుంటారు గానీ గోడ ఎక్కే పనికి పనికిరారు. సర్రానిద్ మమ్లూక్‌లు నైట్లకు దీటైన బరువైన గుర్రపుదళం.

చాలామంది అన్ని రాజ్యాల వాళ్ళను కలిపేసి కిచిడీ చేస్తారు. రెండు రకాలు చాలు. ఒకటి కాల్బలం లేదా గుర్రపుదళం, రెండోది విలుకాళ్ళు. వరసలు పొందికగా నిలబడతాయి, ఒక రాజ్యంతో యుద్ధం వచ్చినా మొరేల్ దెబ్బ సగం మందికే తగులుతుంది.

పార్టీ తెరలో పైనుంచి కిందికి ఎవరు ఏ వరసలో ఉన్నారో చూసుకోండి. యుద్ధం మొదలైనప్పుడు ముందుగా మైదానంలోకి దిగేది జాబితాలో పైన ఉన్నవాళ్ళే. యుద్ధ పరిమాణం సెట్టింగుల్లో 150కి మించదు కాబట్టి పెద్ద పోరాటాల్లో మీ దండంతా ఒకేసారి రాదు. కింద ఉన్నవాళ్ళు తర్వాతి విడతల్లో వస్తారు. నిన్న చేర్చుకున్న కుర్రాళ్ళు పైన, నైట్లు కింద ఉంటే మొదటి విడతలో కుర్రాళ్ళు చచ్చిపోయాక గానీ నైట్లు కనబడరు. తెర మీది బాణం గుర్తుతో ప్రతి మనిషినీ జరిపి సర్దడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు గెలుపోటములు తేలుస్తాయి. అదే తెరలో ఏ రకం సిపాయి ఏ గుంపులో ఉండాలో కూడా మార్చుకోవచ్చు. మామూలుగా 1 కాల్బలం, 2 విలుకాళ్ళు, 3 గుర్రపుదళం. సహచరులను నాలుగో గుంపుగా విడదీసి పెట్టుకుంటే వాళ్ళను ప్రమాదంలోకి తోయకుండా వెనక ఉంచుకోవచ్చు.

అసలు వార్‌బ్యాండ్‌కు ప్రాణం ఈ సహచరులే. మొత్తం 16 మంది. ఊళ్ళ సారాయి దుకాణాల్లో దొరుకుతారు, చోటు మారుతుంటారు. అక్కడే కూర్చునే బాటసారికి 30 దినారాలు ఇస్తే ఫలానావాడు ఎక్కడున్నాడో చెప్తాడు. మార్నిద్, యిమిరా, జెరెమస్, ఫిరెంటిస్ డబ్బు తీసుకోకుండా వస్తారు. మాథెల్డ్ 500 అడుగుతుంది. వీళ్ళు యుద్ధంలో చావరు, స్పృహ తప్పుతారంతే. మీరు ఓడి బందీ అయితే చెల్లాచెదురై మళ్ళీ ఏదో సారాయి దుకాణంలో తేలతారు.

ఒక్కొక్కరికి ఇద్దరంటే గిట్టదు, ఒక్కరంటే ఇష్టం. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవన్న సామెత ఈ ఆటలో అక్షరాలా నడుస్తుంది. యిమిరా ఇష్టంలేని పెళ్ళి తప్పించుకుని వచ్చిన వర్తకుడి కూతురు. ఫిరెంటిస్ తోడబుట్టినవాణ్ణి చంపుకున్న పశ్చాత్తాపంతో తిరుగుతున్నవాడు. సిపాయిలను కఠిన శిక్షతో దారికి తేవాలనే లెజాలిత్‌కు, మామూలు సిపాయిల మధ్య ఎదిగిన బుందుక్‌కు పొసగకపోవడంలో వింతేముంది? గిట్టనివాళ్ళు పక్కపక్కన ఉంటే ఒకరు మీ దగ్గరికి వచ్చి ఫిర్యాదు చేస్తారు. మనసు చెడుతూ పోతే ఒకరోజు మూట కట్టుకుంటారు. ఎవరికి ఎవరు పడరో ఆట ముందే చెప్పదు. ఇది పెద్ద లోపం, చాలామంది విసిగి ఇద్దరు ముగ్గురు సహచరులతోనే సరిపెట్టుకునేది అందుకే.

ఈ పదహారుమంది వైరాలను కాగితం మీద గీస్తే రెండు గొలుసులు వస్తాయి. మొదటిది పదిమందిది: బోర్చా, దేశవి, రోల్ఫ్, బుందుక్, లెజాలిత్, యిమిరా, మాథెల్డ్, జెరెమస్, ఆర్టిమెన్నర్, క్లెథి, మళ్ళీ బోర్చా. ఇందులో ప్రతివాళ్ళకూ తమకు అటూ ఇటూ ఉన్న ఇద్దరంటే పడదు. రెండోది ఆరుగురిది: మార్నిద్, బహెష్తూర్, కాట్రిన్, ఫిరెంటిస్, నిజార్, అలాయెన్, మళ్ళీ మార్నిద్. ఒక గొలుసులోని వాళ్ళకు రెండో గొలుసులోని వాళ్ళతో ఏ తగువూ లేదు.

గొలుసులో ఒకరిని విడిచి ఒకరిని తీసుకుంటే గొడవ ఉండదు. పదిమందిలోంచి ఐదుగురు, ఆరుగురిలోంచి ముగ్గురు, మొత్తం ఎనిమిదిమంది. తగువు లేకుండా ఎనిమిదికి మించి కుదరదు. తొమ్మిదో మనిషి ఎవరైనా సరే, కనీసం ఒకరితోనైనా పేచీ తప్పదు. ఇలా నాలుగు జట్లు వస్తాయి. వాటిలో రెండు మేలైనవి, ఎందుకంటే ఒకరంటే ఒకరికి ఇష్టమైన జంటలు వాటిలో మూడేసి ఉంటాయి, మిగతా రెంటిలో రెండేసే.

మొదటి జట్టు దేశవి, బుందుక్, యిమిరా, జెరెమస్, క్లెథి, బహెష్తూర్, ఫిరెంటిస్, అలాయెన్. ఇందులో దేశవికి క్లెథి, యిమిరాకు అలాయెన్, ఫిరెంటిస్‌కు జెరెమస్ తోడు. రెండో జట్టు బోర్చా, రోల్ఫ్, లెజాలిత్, మాథెల్డ్, ఆర్టిమెన్నర్, మార్నిద్, కాట్రిన్, నిజార్. ఇందులో బోర్చాకు మార్నిద్, లెజాలిత్‌కు ఆర్టిమెన్నర్, మాథెల్డ్‌కు నిజార్ తోడు. మొదటి జట్టులో పుట్టుకతోనే వైద్యుడైన జెరెమస్ ఉన్నాడు, కోట ముట్టడి పనులు తెలిసినవాడు లేడు. రెండోదాంట్లో ఆర్టిమెన్నర్ ఆ పనికే పుట్టినవాడు, లెజాలిత్ శిక్షకుడు, వైద్యుడు మాత్రం లేడు. కొత్తగా ఆడేవాళ్ళకు మొదటి జట్టే మంచిది. ముట్టడి పని కొన్నాళ్ళు ఆలస్యమైనా పర్వాలేదు, చచ్చిపోయిన సిపాయి మాత్రం తిరిగిరాడు.

ఆ వైద్యం లెక్క చూడండి. సర్జరీ లేకపోతే పడిపోయిన సిపాయి బతికే అవకాశం 25 శాతం. మెట్టుకు 4 శాతం పెరుగుతుంది. సర్జరీ 5 ఉంటే 45 శాతం, అంటే 20 మంది పడితే సగటున 9 మంది గాయాలతో లేచి వస్తారు. 10 ఉంటే 65 శాతం. ఇలాంటి పార్టీ స్కిల్స్‌లో దండు మొత్తంలో ఎవరిది ఎక్కువైతే అదే లెక్కలోకి వస్తుంది. నాయకుడికి కూడా అదే స్కిల్ కొంత ఉంటే అదనంగా కలుస్తుంది: 2 ఉంటే 1, 5 ఉంటే 2, 8 ఉంటే 3, 10 ఉంటే 4. అందుకే ఒకే స్కిల్‌ను నలుగురికి పంచడం శుద్ధ దండగ. ఒక్కరికి ఒకే బాధ్యత పెట్టి వాళ్ళ తెలివి, అంటే ఇంటెలిజెన్స్, పెంచుతూ పోండి. జెరెమస్‌కు సర్జరీ, గాయాల చికిత్స, ప్రథమ చికిత్స. దేశవికి దారి కనిపెట్టడం, దూరంలో ఉన్నవాళ్ళను పసిగట్టడం, జాడ పట్టడం. యిమిరా తొలి లెవెల్‌లోనే వస్తుంది కాబట్టి ఇంజనీర్‌గా మొదటినుంచీ మలచుకోవచ్చు. వైద్యుణ్ణి జాబితాలో అట్టడుగున పెట్టండి. స్పృహ తప్పిన సహచరుడి స్కిల్ లెక్కలోకి రాదు. జెరెమస్ మొదటి ఐదు నిమిషాల్లో గుర్రం మీదినుంచి పడితే ఆ రోజు మీ సిపాయిలకు వైద్యం లేనట్టే.

ట్రైనర్ స్కిల్ మాత్రం దీనికి పూర్తిగా విరుద్ధం. ఇది ఎంతమందికి ఉంటే అంత మంచిది, ఒక్కొక్కరిది విడివిడిగా కలుస్తుంది. ప్రతి రాత్రి తమకంటే కింది లెవెల్‌లో ఉన్న సిపాయిలకు ఇచ్చే అనుభవం మెట్టు 1కి 4, 3కి 16, 5కి 30, 10కి 80. నలుగురికి 5 చొప్పున ఉంటే రోజుకు 120. యుద్ధం చేయకుండా తిరుగుతూనే పల్లెకుర్రాళ్ళు సిపాయిలవుతారు. దండంతా పోగొట్టుకున్నాక మళ్ళీ లేచి నిలబడాలంటే ఇంతకు మించిన దారి లేదు.

ఇక పోరాటం. రోడోక్ విల్లుబంట్లు 40, ఈటెగాళ్ళు 20 ఉన్న దండు ఖెర్గిట్ గుర్రాలను ఎదుర్కోవాలనుకుందాం. మైదానంలోకి దిగగానే ముందు మిట్ట కోసం చూడండి, వాలు ఎంత నిటారుగా ఉంటే అంత మంచిది. 2 నొక్కి, ఎఫ్‌1 నొక్కిపట్టుకుంటే నేలమీద జెండా కనబడుతుంది. దాన్ని మిట్టపై భాగానికి జరిపి వదిలితే విల్లుబంట్లు అక్కడ నిలబడతారు. తర్వాత 1 నొక్కి, అదే పద్ధతిలో ఈటెగాళ్ళను వాళ్ళకు పది అడుగుల కిందుగా నిలపండి. పైవాళ్ళ బాణాలు కిందివాళ్ళ తలలమీదుగా పోవాలి. ఎఫ్‌2లో దగ్గరగా నిలబడమనే ఆజ్ఞ ఉంది, ఈటెగాళ్ళకు రెండు మూడుసార్లు ఇస్తే వరస గోడలా దట్టమవుతుంది. విల్లుబంట్లకు మాత్రం దూరంగా పరుచుకోమనండి, లేకపోతే వెనకవాడికి ముందువాడి తలే అడ్డం. బాణాలు పట్టి ఉంచమని చెప్పి, గుర్రాలు వాలు ఎక్కడం మొదలయ్యాక వదలమనండి. క్రాస్‌బో మళ్ళీ ఎక్కుపెట్టడానికి చాలాసేపు పడుతుంది, దాని బాణాలూ కొన్నే. దూరంనుంచి వృథా చేస్తే దగ్గరికొచ్చేసరికి చేతులు ఖాళీ. ఎత్తు ఎక్కే గుర్రం వేగం కోల్పోతుంది, వేగం లేని బల్లెంపోటుకు బలం ఉండదు. ఖెర్గిట్ దాడి అంతా వేగం మీదే నడిచేది కాబట్టి మిట్ట ఎక్కితే వాళ్ళ పని సగం అయిపోయినట్టే.

మొదటి విడత చావగానే అందరికీ దాడి ఆజ్ఞ ఇవ్వడమే ఎక్కువమంది చేసే తప్పు. శత్రువు రెండో విడత మైదానం అంచునుంచి తాజాగా వస్తుంది, మీవాళ్ళు ఒక్కొక్కరే చెదిరి పరుగెత్తి దొరికిపోతారు. మీ రెండో విడత కూడా మీ వైపు అంచునుంచే వస్తుందని, జెండా దాకా పరుగెత్తాలని గుర్తుంచుకుని జెండాను మరీ దూరంగా పాతకండి. గుర్రపుదళాన్ని నడిపేటప్పుడు ఆజ్ఞలు రెండే: దాడి చేయండి, నా వెంట రండి. శత్రువరసను చీల్చుకుని అవతలికి వెళ్ళాక వెంటనే వెనక్కి పిలిచి మళ్ళీ వేగం అందుకోవాలి. గుంపు మధ్యలో ఆగిన గుర్రం నిమిషంలో పడిపోతుంది. బ్యాక్‌స్పేస్ నొక్కితే చిన్న పటంతో పాటు గుంపులన్నీ ఒకచోట కనిపిస్తాయి, పొగమంచు రోజుల్లో ఇది చాలా పనికొస్తుంది.

కోట ముట్టడి ఈ ఆటలో బాగా బలహీనమైన భాగం. చాలా కోటలకు ఒకే నిచ్చెన. అందరూ దాని దగ్గర కుప్పపడతారు, ఒకరినొకరు తోసుకుంటూ కింద పడతారు. విలుకాళ్ళను కూడా దాడికి వదిలితే వాళ్ళూ నిచ్చెన ఎక్కడానికి వెళ్ళి చస్తారు. వాళ్ళను గోడకు ఎదురుగా బాణం అందేంత దూరంలో నిలబెట్టి, పైనున్న కాపలావాళ్ళు పలచబడేవరకూ కొట్టించండి. ఆ తర్వాతే హస్కార్ల్‌లను వదలండి. కొన్ని కోటలకు చక్రాల గోపురం కట్టాలి. ఇంజనీర్ స్కిల్ ఎంత ఎక్కువైతే కట్టే సమయం అంత తగ్గుతుంది. ఆ సమయం ముఖ్యం, ఎందుకంటే బయట కూర్చుని కడుతుండగానే కోట సొంతదారు దండుతో వచ్చి మీద పడొచ్చు.

లోపాలు ఇంకా ఉన్నాయి. ఒకే రకం సిపాయిలను రెండు గుంపులుగా విడగొట్టే వీలు లేదు, కాబట్టి 60 మంది విల్లుబంట్లను రెండు మిట్టల మీద నిలపలేరు. సహచరుల ఆయుధాలు మార్చడానికి ఒక్కొక్కరితో మాట్లాడి, ఒక్కొక్క తెర తెరవాలి. ఎనిమిదిమందికి కొల్లసొమ్ము పంచడం పెద్ద పని. కన్సోల్‌లో నంబర్ మీటలు ఉండవు కాబట్టి ఆజ్ఞలు ఆలస్యమవుతాయి, కుదిరితే కంప్యూటర్‌లోనే ఆడండి.

2022 అక్టోబరులో పూర్తిగా విడుదలైన తర్వాతి ఆట బ్యానర్‌లార్డ్‌లో ఇవి చాలావరకు సరిచేశారు. గుంపులు విడగొట్టొచ్చు, ముట్టడులు నిజమైన ముట్టడుల్లా ఉంటాయి, వైద్యుడు, ఇంజనీరు, సరంజామా చూసేవాడు, వేగు అని పదవులు విడిగా కట్టబెట్టొచ్చు. కానీ అక్కడి సహచరులు ప్రతి కొత్త ఆటకూ మారిపోయే మనుషులు, ఒకరితో ఒకరికి ఏ పేచీ లేదు, యుద్ధంలో చచ్చిపోతారు కూడా. బుందుక్, లెజాలిత్ లాంటి జంట అందులో దొరకదు. యుద్ధం కోసమైతే బ్యానర్‌లార్డ్ కొనండి, మనుషుల కోసమైతే వార్‌బ్యాండ్.

కొత్త ఆట మొదలుపెట్టినవాళ్ళు కరిజ్మాకు, ఇంటెలిజెన్స్‌కు ఎక్కువ పాయింట్లు పోసుకోండి. 10, 15 మంది పల్లెకుర్రాళ్ళతో ముందు లూటర్లను, అంటే చిల్లర దొంగలను, మాత్రమే వెంటాడండి. ఉత్తర తీరంలో తిరిగే సముద్రపు దొంగల జోలికి, కనీసం 30 మంది రెండో మెట్టు దాటిన సిపాయిలు లేకుండా వెళ్ళకండి. ఏదో ఒక సారాయి దుకాణంలో బోర్చా ఎదురుపడితే, చేర్చుకునేముందు మీరు ఏ జట్టు కడుతున్నారో తేల్చుకోండి. దేశవి, క్లెథి ఇద్దరిలో ఎవరు కావాలన్నా బోర్చా వద్దు.